ఉడుతకు ముప్పై రెండు పళ్లు

ఆ పెయింటరు ముప్పయ్యేళ్లుగా గోడల్ని నమ్ముకుని బతికాడు. షాపుల బోర్డులు, బడి గోడల మీద ఎక్కాలు, ఆస్పత్రుల్లో దారి చూపే బాణాలు. అక్షరం రాస్తే తూచి పెట్టినట్టుండేది. దారం పట్టకుండా గీసిన గీతకు తరవాత దారం పట్టి చూసినా వంకర దొరికేది కాదు. మొహాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి మాట వినేది కాదు. ఆయన గీసిన సింహానికి జలుబు చేసినట్టుండేది. నిశ్శబ్దంగా ఉండమని పెదవి మీద వేలు పెట్టుకున్న నర్సు, ముక్కు గిల్లుకుంటున్నట్టుండేది. ఈ సంగతి అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఎక్కాలు అంత ముచ్చటగా రాసిన మనిషికి సింహం గురించి ఏం చెబుతాంలే అని ఎవరికి వాళ్లు ఊరుకున్నారు. భార్య కూడా ఊరుకుంది.

పిల్లల పళ్ల డాక్టరు ఒకాయన ఆయన్ని పిలిపించి, రోగులు కూర్చునే గదిలో ఖాళీగా ఉన్న పెద్ద గోడ చూపించాడు. దాని మీద చిటుకు కావాలన్నాడు. చిటుకు అంటే పెన్సిలు డబ్బాల మీద, నీళ్ల సీసాల మీద, దుప్పట్ల మీద కనిపించే ఉడుత. ఒక బొమ్మల కంపెనీ సొత్తు. పాలు తాగే పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు గానీ, పెయింటరు కూతురు చిటుకు పుట్టకముందే పెద్దదైపోయి పెళ్లి చేసుకుని వెళ్లింది కాబట్టి ఆయనకు తెలియదు. డాక్టరు తన కూతురి పాత పెన్సిలు డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు.

"అచ్చం ఇలాగే ఉండాలి. పళ్లు మాత్రం బాగా కనిపించాలి. పళ్ల ఆస్పత్రి కదా," అన్నాడు.

పెయింటరుకు ఫోనులో బొమ్మ చూసి గీయడం గిట్టదు. వేలు తగిలితే జారిపోయేదాన్ని నమ్ముకుని నిచ్చెన ఎక్కకూడదంటాడు. గోడకు లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి ఆరనిచ్చాడు. డబ్బా మూత మీద సూదితో సన్నగా గళ్లు గీసి, గోడ మీద అదే లెక్కన సుద్దతో పెద్ద గళ్లు కొట్టాడు. ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఒక్కో గడిలోకి దించుతూ వచ్చాడు. చెవులు, తోక, పసుపు చొక్కా, దానికి మూడు గుండీలు. మూతి దగ్గర చిక్కొచ్చి పడింది. డాక్టరు కూతురు మూడేళ్లపాటు అదే చోట బొటనవేలు పెట్టి డబ్బా తెరిచింది. ఆ గళ్లలో రంగంతా అరిగిపోయి లోపలి రేకు బయటపడింది.

డాక్టరు లోపల ఎవరి పన్నో పీకుతున్నాడు. అడిగే వీల్లేదు. పెయింటరు నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని చుట్టూ చూశాడు. పక్క గోడకు ఒక చార్టు వేలాడుతోంది. అందులో బార్లా తెరిచిన మనిషి నోరు, పైన పదహారు పళ్లు, కింద పదహారు పళ్లు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని సంబరపడ్డాడు. మొత్తం ముప్పై రెండూ ఉడుత నోట్లోకి దించాడు. చార్టులో ఎడమ కింది దవడ పన్ను ఒకదానికి సిమెంటు ఎలా నింపుతారో చూపించడానికి ఒక బూడిదరంగు చుక్క ఉంది. అదీ వదల్లేదు. ఆ ఒక్క చుక్క కోసం వెండిరంగు డబ్బా కొత్తది తెప్పించాడు.

పదకొండో రోజుకి బొమ్మ పూర్తయింది. తొమ్మిదడుగుల ఉడుత. డాక్టరు బయటికొచ్చి చాలాసేపు చూశాడు.

"పళ్లు బాగా కనిపిస్తున్నాయి," అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

మొదటి రోజు ఇద్దరు పిల్లలు ఏడ్చారు. ఒక పిల్ల కుర్చీ కింద దూరితే బయటికి లాగడానికి కాంపౌండరు పడుకోవాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి మాత్రం ఒక విచిత్రం కనిపించింది. ఆ నోటికి ఎదురుగా అరగంట కూర్చుని వచ్చిన పిల్లలకు లోపల డాక్టరు చేతిలో మిషను చూస్తే చీమ కుట్టినంత భయం కూడా కలగడం లేదు. వచ్చి కూర్చుని బుద్ధిగా నోరు తెరుస్తున్నారు. తల్లిదండ్రులు ఆ బొమ్మను ఫొటో తీసుకుని, పళ్లు తోమకపోతే ఇదొస్తుందని ఇళ్లలో బెదిరించడానికి వాడుకున్నారు. ఫొటో ఒకరి నుంచి ఒకరికి పాకింది. కొన్ని నెలలకు ఫోనులో చిటుకు అని వెతికితే కంపెనీ చిటుకు కంటే ముందు గోడ మీది చిటుకు రావడం మొదలుపెట్టింది.

అప్పుడు కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. డాక్టరుకొకటి, పెయింటరుకొకటి. తమ సొంతమైన చిటుకు బొమ్మకు అనుమతి లేకుండా గోడ మీద నకలు తీసినందుకు కాపీరైటు చట్టం కింద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని సారాంశం. డాక్టరు ఆ రోజు పన్ను పీకాల్సిన ఇద్దరు రోగుల్ని మర్నాడు రమ్మన్నాడు. పెయింటరు మాత్రం నోటీసు రెండుసార్లు చదువుకుని, మూడోసారి భార్యకు చదివి వినిపించాడు.

"చూశావా, చిటుకును పుట్టించినవాళ్లే ఇది మా చిటుకే అని రాసి పంపారు. ఇంతకంటే ఏం కావాలి," అన్నాడు.

మర్నాడు ఆ కాగితానికి లామినేషను చేయించి, ముందు గదిలో గడియారం కింద తగిలించాడు.

భార్య మాత్రం భయపడింది. తమ్ముడికి కబురు పెట్టింది. అతను వకీలు. అద్దె తగాదాలు, ప్రహరీగోడ తగాదాలు తప్ప ఎరగడు. వచ్చి నోటీసు చూసి, ఉడుత ఊపులకు కాయలు రాలవులే అని అక్కకు ధైర్యం చెప్పి, అప్పుడు చట్టం పుస్తకం తెరిచాడు. రెండు రోజులు చదివి మళ్లీ వచ్చేసరికి మొహంలో ఆ ధైర్యం లేదు. తప్పించుకోవడానికి దారులు రెండే ఉన్నాయన్నాడు. ఒకటి, బొమ్మకు చిటుకు పోలికే లేదని చూపించాలి. పోలిక లేకపోతే నకలు కాదు.

"పోలిక లేకపోవడమేంట్రా," అన్నాడు పెయింటరు.

రెండోది పేరడీ అన్నాడు బావమరిది. ఒకరి బొమ్మను తీసుకుని దాన్నే వెక్కిరిస్తూ ఇంకో బొమ్మ గీస్తే చట్టం కొంత చూసీ చూడనట్టు పోతుంది. కాబట్టి కంపెనీ ఉడుతను ఎగతాళి చేయడానికే ఆ పళ్లు పెట్టామని చెప్పాలి.

పెయింటరు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. పదకొండు రోజులు నిచ్చెన మీద నిలబడ్డది ఒక నోరులేని జంతువును వెక్కిరించడానికా అని అడిగాడు. బావమరిది అక్క వైపు చూశాడు. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

వ్యవహారం విచారణకు వెళ్లిన కాపీరైటు ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి బల్ల, ఇటు నాలుగు కుర్చీలు, అటు నాలుగు కుర్చీలు, గోడల పొడుగునా ఎత్తయిన బీరువాలు, వాటి మీద తాళ్లతో కట్టిన ఫైళ్లు. విచారణ జరిపే అధికారిణికి ఏ వ్యవహారమూ చిన్నది కాదు. ఆ ఉదయమే, ఒక కాకి ముక్కుతో నొక్కిన కెమెరాలో పడ్డ ఫొటో ఎవరిదన్న తగువు విని, కాకికి హక్కు లేదని తీర్పు రాసి వచ్చింది. అది రాసేటప్పుడు కాకి మీద ఆవిడకు కొంచెం జాలి కూడా కలిగిందట.

కంపెనీ వకీలు మర్యాదస్తుడు. లేచి, గోడ బొమ్మ ఫొటోను, అసలు చిటుకు బొమ్మను పక్కపక్కన పెట్టి పోలికలు వివరించడం మొదలుపెట్టాడు. చెవుల వంపు చూడండి, ఒకటే వంపు. తోక మీద చారలు ఐదు, ఇక్కడా ఐదే. చొక్కా రంగులో వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత నిఖార్సైన నకలు తన సర్వీసులో చూడలేదన్నాడు. పెయింటరు ఒక్కో మాటకూ తలూపుతూ విన్నాడు. ఆఖరికి ఉండబట్టలేక లేచి నిలబడి ఆయనకు నమస్కారం పెట్టాడు.

"ఆ చారలు ఐదని ఇంతవరకు ఎవరూ గమనించలేదండి," అన్నాడు.

తరవాత బావమరిది లేచి తన బావ గీసిన బొమ్మకు చిటుకుతో ఏ సంబంధమూ లేదని వాదించాడు. అసలు అది ఉడుతలానే లేదన్నాడు. దారిన పోయేవాళ్లను పది మందిని అడిగితే ముగ్గురు నక్క అన్నారని, ఇద్దరు తోడేలన్నారని, ఒకాయన మా మావగారన్నాడని కాగితం చూసి చదివాడు. చదువుతుంటే పక్కన పెయింటరు మొహం మాడిపోయింది. అధికారిణి అది గమనించి, మీరు ఎవరి తరఫున వచ్చారని ఆయన్ని అడిగింది. ఎదుటివాళ్లు చెప్పిందే నిజమండీ అన్నాడు ఆయన.

బయటికొచ్చాక బావమరిది మెట్ల మీదే కూలబడ్డాడు. కాపీ కొట్టానని ఒప్పేసుకున్నావు బావా అన్నాడు. నిజం ఒప్పుకున్నాను అన్నాడు పెయింటరు.

రెండో విచారణకు బావమరిది ఇక బావను అడగదలుచుకోలేదు. పేరడీ వాదం ఎత్తుకున్నాడు. సాక్ష్యానికి ఒక పత్రికలో వ్యంగ్య చిత్రాలు గీసే ఆయన్ని తెచ్చాడు. ఆయన పేరున్నవాడు. గోడ ముందు గంట నిలబడి చూసి వచ్చానన్నాడు. తీపి బొమ్మలు చూపించి పిల్లలకు వస్తువులు అంటగట్టే వ్యాపారం మీద ఇంత పదునైన వెక్కిరింత తను నలభయ్యేళ్లలో గీయలేకపోయానన్నాడు. అమాయకమైన ఉడుత నోరు తెరిస్తే లోపల మనిషి పళ్లున్నాయి, అదీ సిమెంటు పెట్టించుకున్న పళ్లు, అంటే ఈ ఉడుత వెనకున్నది ఉడుత కాదు మనిషేనని చిత్రకారుడు బయటపెట్టాడు అన్నాడు. ఆ మాట చెప్పి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కంపెనీ వకీలు కూడా ఒక్క క్షణం తల దించుకున్నాడు.

అధికారిణి పెయింటరు వైపు తిరిగింది. ఆయన చెప్పినట్టు నవ్వులపాలు చేయాలనే గీశారా అని అడిగింది.

బావమరిది బల్ల కింద నుంచి బావ కాలు తొక్కాడు.

"లేదమ్మా. ప్రేమగా గీశాను," అన్నాడు పెయింటరు.

విచారణ రెండు వారాలకు వాయిదా పడింది.

ఆ రోజు ఇంటికొచ్చాక ఆయన అన్నం ముందు కూర్చుని కలపకుండా అలాగే ఉండిపోయాడు. ఆ వ్యంగ్య చిత్రకారుడు పెద్దమనిషి, అబద్ధం చెప్పే రకం కాదు, మరి అదంతా ఆయనకు ఎక్కడ కనిపించిందని భార్యను అడిగాడు. ఆవిడ ఎప్పుడూ చేసినట్టు వంటింట్లోకి వెళ్లబోయి, ఆగి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, మీకు మొహాలు రావు," అంది.

ఆయన కంచం పక్కకు జరిపాడు.

"పెళ్లయిన కొత్తలో నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి నా బొమ్మ గీశారు, గుర్తుందా. మా అమ్మ వచ్చినప్పుడు చూసి, ఎవరే ఈవిడ, పాపం ఏం జబ్బు అని అడిగింది."

"మరి నువ్వు అప్పుడే చెప్పలేదే."

"ఏం చెప్పను. మీరు నన్నే చూసి గీశారని నాకు తెలుసుగా. రెప్ప వేయకుండా చూశారు. ఆ బొమ్మ ఇప్పటికీ బీరువాలో చీరల కింద ఉంది. పారేయమంటే పారేస్తానా."

ఆయన లేచి బీరువా తెరిచి బొమ్మ తీసుకుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. చాలాసేపు చూశాడు. భార్య వైపు చూశాడు, మళ్లీ బొమ్మ వైపు చూశాడు. ముప్పయ్యేళ్లుగా గోడలకెక్కించిన సింహాలు, నర్సులు, కోతులు, చందమామలు అన్నీ ఒక్కసారిగా ఆయన కళ్ల ముందు నిలబడినట్టయింది. మీ అమ్మ తప్పేం లేదు అని మాత్రం అన్నాడు.

మర్నాడు పనికి వెళ్లలేదు. పళ్ల ఆస్పత్రికి వెళ్లి, రోగిలా ఒక కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తన బొమ్మను చూసేవాళ్లను చూశాడు. పెద్దవాళ్లు లోపలికి రాగానే ఆగిపోయి, తరవాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఇద్దరైతే నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లి నవ్వొచ్చారు. ఆయన కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు. మధ్యాహ్నం ఒక చిన్నపిల్ల వాచిన బుగ్గ పట్టుకుని వచ్చింది. లోపలికి వెళ్లనని మొండికేసి, గోడ ముందు నిలబడి ఉడుత నోట్లోకి చూస్తూ ఉండిపోయింది. వేలితో పళ్లు లెక్కపెట్టడం మొదలెట్టి, ఎడమ కింది దవడ దగ్గర ఆగింది.

"అమ్మా, దీనికి కూడా సిమెంటు పెట్టారే," అంది.

వాళ్లమ్మ అవునంది. పిల్ల ఇంకాసేపు చూసి, ఎవరూ చెప్పకుండానే తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. పెయింటరు సాయంత్రం ఇంటికెళ్లాక భార్యకు ఈ ఒక్క సంగతే చెప్పాడు. నవ్వినవాళ్ల సంగతి చెప్పలేదు.

మూడో విచారణకు కంపెనీ వకీలు ఒక కొత్త పెన్సిలు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిటుకు పాతబడిన బొమ్మ కాదని, ఈ ఏడే కంపెనీ దానికి కొత్త రూపం ఇచ్చిందని, డబ్బాలు అంగళ్లలోకి వచ్చాయని, నలభై హోర్డింగులు కూడా లేచాయని, కాబట్టి నష్టం తీవ్రమైనదని వాదన. అధికారిణి డబ్బా చేతిలోకి తీసుకుంది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చింది. తరవాత పెన్సిలు తీసి దాని మొనతో ఏదో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గదిలో పెన్సిలు మొన టిక్కు టిక్కుమంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"పైన పదహారు, కింద పదహారు," అంది. "మీ ఉడుతకు ఇన్ని పళ్లు ఎప్పటినుంచి?"

కంపెనీ వకీలు డబ్బా తీసుకుని చూశాడు. పాత చిటుకుకు ముందు పళ్లు రెండే. కొత్త చిటుకు నోరు బార్లా తెరుచుకుని నవ్వుతోంది. ఎడమ కింది దవడలో ఒక పన్ను మీద వెండిరంగు చుక్క మెరుస్తోంది.

ఎవరు గీశారని అధికారిణి అడిగింది. వకీలు ఫోను పట్టుకుని బయటికెళ్లి, చాలాసేపటికి లోపలికొచ్చాడు. ఎవరూ గీయలేదన్నాడు. బొమ్మలు గీసే ఏఐ గీసిందట. లోకంలో కనిపించిన చిటుకు బొమ్మలన్నీ చూసి అది నేర్చుకుందట. ఆ లోకంలో అప్పటికి నూటికి తొంభై చిటుకులు పళ్ల డాక్టరు గోడ మీదివే.

అయితే చిక్కే అంది అధికారిణి. మిషను దానంతట అది గీస్తే దానికి కర్త లేడు. కర్త లేని బొమ్మకు హక్కూ లేదు. కాకికి చెప్పిందే మిషనుకూ చెప్పాలి. మీ కొత్త ఉడుతను రేపటినుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. వకీలు గబుక్కున అడ్డొచ్చాడు. లేదు లేదు, మా ఉద్యోగి ఒకాయన మిషనుకు పని చెప్పాడు, ఆయనే కర్త అన్నాడు. సాయంత్రంలోగా ఆ ఉద్యోగిని పిలిపించారు. ఏం చెప్పావని అడిగితే అతను దాచుకోకుండా చెప్పాడు. ఒకే ఒక్క వాక్యం టైపు చేశాడట. నవ్వుతున్న చిటుకు కావాలి, పళ్లు బాగా కనిపించాలి.

అధికారిణి పాత కాగితాలు తిరగేసింది. పళ్లు బాగా కనిపించాలన్న మాటే పళ్ల డాక్టరు పెయింటరుతో అన్నట్టు వాంగ్మూలంలో ఉంది. పని చెప్పినవాడే కర్త అయితే ఆ గోడ బొమ్మకు కర్త డాక్టరే అవ్వాలి కదా అంది. బల్ల చివరి కుర్చీలో కూర్చున్న డాక్టరు తటాలున లేచాడు. తనకు గీత గీయడమే రాదని, కావాలంటే ఇప్పుడే ఇక్కడే ఒక ఉడుతను గీసి చూపిస్తానని ప్రాధేయపడ్డాడు. కాగితం ఇచ్చారు. గీశాడు. చూసిన తరవాత ఆయన్ని కేసులోంచి తప్పించారు.

అన్ని దారులూ మూసుకుపోయాక కంపెనీ వకీలు నీళ్లు తాగి, ఎవరూ ఊహించని మాట అన్నాడు. కొత్త చిటుకు నకలు కాదు, పేరడీ అన్నాడు. ఈ పెయింటరు మా ఉడుతను పాడుచేసినందుకు, ఆయన బొమ్మను మేము ఎగతాళి చేశాం.

బావమరిది ఎగిరి లేచాడు. వెక్కిరించడానికి మనసుండాలి, మిషనుకు మనసెక్కడిది, ఉద్దేశం లేకుండా ఎగతాళి ఎలా పుడుతుంది అని బల్ల గుద్దబోయి, తన బావ విషయంలో తను రెండు వారాల కిందట చేసిన వాదన గుర్తొచ్చి, చెయ్యి గాల్లోనే ఆపి, మెల్లిగా కూర్చున్నాడు.

అధికారిణి పెయింటరును పిలిచింది. ఇది రెండోసారి అడగడం, ఇక అడగను అంది. మీది పేరడీయా, కాదా?

పెయింటరు లేచాడు. ఇదివరకటిలా తొందరపడలేదు.

"అమ్మా, నేను ప్రేమగానే గీశాను. వచ్చింది మాత్రం వెక్కిరింతలా వచ్చింది. నాకు మొహాలు రావట, ఈమధ్యే తెలిసింది. చట్టంలో దానికేదైనా పేరుంటే రాసుకోండి, లేకపోతే మీ ఇష్టం."

బావమరిది ఈసారి కాలు తొక్కలేదు. అధికారిణి పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరగేసింది. దానికి పేరు లేదు. నాలుగు రోజులు టైము తీసుకుని ఆవిడే రాసింది. ఆ తీర్పు పదహారు పేజీలు. గోడ మీది ఉడుత చెవులు, తోక, చొక్కా కంపెనీవని తేల్చింది. ఒకరి బొమ్మను ఆధారం చేసుకుని గీసిన బొమ్మలో గీసినవాడు కొత్తగా చేర్చింది ఏదైనా ఉంటే, అంతమేరకు అది అతనిది. చార్టు చూసి దించినా, దాన్ని ఉడుత నోట్లో పెట్టాలన్న ఆలోచన లోకంలో ఇంకెవరికీ రాలేదు గనక ఉడుత నోట్లో ఉన్నంతవరకు ఆ ముప్పై రెండు పళ్లూ పెయింటరువి. ఉద్దేశం ప్రేమ, ఫలితం ఎగతాళి కాబట్టి దీన్ని కావాలని చేయని పేరడీగా లెక్కించి గోడను అలాగే ఉండనివ్వాలి. మిషను గీసిన బొమ్మకు కర్త లేడు. దాని నోట్లో పళ్లకు మాత్రం ఉన్నాడు. కంపెనీ ఆయన దగ్గర అనుమతైనా తీసుకోవాలి, పళ్లైనా తీసేయాలి.

పెయింటరు అనుమతి అడగడం కంటే పళ్లు తీసేయడమే నయమని కంపెనీ నిశ్చయించుకుంది. డబ్బాలు వెనక్కి తెప్పించడం సులువే. నలభై హోర్డింగులు దింపడం మాత్రం పెద్ద పని. వాటి మీదికెక్కి ఉడుత నోరు మూసేయగలవాడు కావాలి. మొహం మీద తప్ప ఇంకెక్కడా రంగు చిందకుండా, అంచు చెదరకుండా పని చేసేవాడెవడని వాకబు చేస్తే అందరూ ఒకే మనిషి పేరు చెప్పారు. కంపెనీ వకీలే స్వయంగా ఇంటికొచ్చి అడిగాడు. మొహాలు రావని మీకు తెలుసుగా అన్నాడు పెయింటరు. మూసిన నోరంటే ఒక గీతే కదండీ, గీత మీ అంత బాగా ఎవరు గీస్తారన్నాడు వకీలు.

రెండు నెలలు పట్టింది. నలభై నోళ్లు మూశాడు. అన్నీ ఒకేలా రాలేదు. కొన్ని ఉడుతలు ఏదో రహస్యం కడుపులో పెట్టుకున్నట్టున్నాయి, కొన్ని అలిగినట్టున్నాయి, బస్టాండు దగ్గరది మాత్రం గింజ గొంతులో అడ్డం పడ్డట్టుంది. కంపెనీవాళ్లు వచ్చి చూసి, మళ్లీ కేసు వేయడానికి ఓపిక లేక వెళ్లిపోయారు.

ఆ తరవాత ఒక కంటి డాక్టరు తన ఆస్పత్రి గోడ మీద గుడ్లగూబ కావాలని వచ్చింది. పెయింటరు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్షరాలైతే పూచీ ఇస్తాను, మొహాలు నేననుకున్నట్టు రావు, ఎలా వస్తాయో నాకే తెలియదు, తరవాత నన్ననొద్దు అన్నాడు.

"తెలిసే వచ్చానండీ," అంది ఆమె.

ఆయన లేచి లప్పం డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. ఈసారి నిచ్చెన రెండో కొస పట్టుకుని భార్య కూడా వెంట నడిచింది.